వెనక ఎడమ చక్రం

నేను ఒక టైరును, అదీ పేలిపోయిన టైరును. మాలాంటి వస్తువులు తమ కథ చెప్పుకునేటప్పుడు ఎన్ని ఊళ్ళు తిరిగాయో, ఎంతమంది పెద్దవాళ్ళను మోశాయో ముందుగా చెప్పుకుంటాయి. నాకా భాగ్యం లేదు. నేను రోడ్డు మీద తిరిగింది మొత్తం రెండు రోజులు. ఆ రెండు రోజుల్లోనే ఒకావిడ చెయ్యి విరగ్గొట్టాను. ఇప్పుడు భద్రాచలంలో ఒక టైర్ల కొట్టు వెనక, రేకుల షెడ్డు పక్కన పడి ఉన్నాను. నా చుట్టూ ఉన్న టైర్లు ఏళ్ళ తరబడి పనిచేసి, అరిగి, దారాలు బయటపడినవి. నా మీద గాట్లు ఇంకా కొత్తగానే ఉన్నాయి. వాటి మధ్య ఈ కొత్తదనమే నాకు తలవంపుగా ఉంది.

పుట్టుక మాత్రం చెప్పుకోదగ్గదే. కేరళ రబ్బరు, నల్లటి మసి, నైలాను దారం, సన్నటి ఉక్కు తీగ కలిపి, వేడి అచ్చులో పెట్టి నొక్కితే బయటికి వచ్చాను. ఆ అచ్చే నా పక్క మీద అక్షరాలూ అంకెలూ పొడిచింది. మనుషుల జాతకం ఎవరో రాయాలి, ఇంకెవరో చదివి చెప్పాలి, అందులో సగం తప్పులు పోతాయి. టైరు జాతకానికి ఆ ఇబ్బంది లేదు. ఎంత వెడల్పు, ఎంత చక్రానికి సరిపోతుంది, ఏ ఏడు ఏ వారంలో పుట్టింది, ఎంత బరువు మోస్తుంది, అన్నీ దాని పక్క మీదే రాసి పంపిస్తారు. నా మీద బరువు అంకె తొంభై ఎనిమిది. అంటే తొంభై ఎనిమిది కిలోలని కాదు, అదొక గుర్తు. ఆ గుర్తుకి ఏడు వందల యాభై కిలోలని అర్థం. నలుగురు మనుషులు, నాలుగు సంచులతో తిరిగే జీపు కింద ఉండటానికి నేను పుట్టాను. అంతకు మించి నాకు చేతకాదు.

రాజమండ్రిలో ఒక టైర్ల షాపులో ఏడాదికి పైగా నిలబడ్డాను. నా గాట్లు లోతుగా ఉంటాయి, చూడగానే కొండలెక్కేదానిలా కనిపిస్తాను. అందుకని యజమాని నన్ను ముందు వరసలో పెట్టించి, వారానికోసారి నల్లటి మెరుగు పూయించేవాడు. నాకూ కాస్త గర్వం పట్టింది. ఒకరోజు పశువుల డాక్టరమ్మ ఒకావిడ తన జీపుకి టైరు కోసం వచ్చింది. సరిగ్గా నేను పుట్టిన పనే అది. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని, నేల మీద మోకాళ్ళు ఆనించి, నా మీది ప్రతి అంకే చదివింది. నేను పుట్టిన వారం చూసి, ఇంతకంటే కొత్తది కావాలని నా పక్కదాన్ని తీసుకుపోయింది. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ రోజు నుంచీ చదివే మనుషులంటే పడేది కాదు. చదవకుండా, చూసి మురిసిపోయే మనిషి ఒక్కడు వస్తే చాలునని కోరుకున్నాను. ఈ కథలో నా తప్పంటూ ఒకటి ఉంటే అది అక్కడే మొదలైంది.

కోరుకున్న మనిషి వచ్చాడు. పేరు ముత్యాలరావు. ముప్పై ఒక్క ఏళ్ళు ఆర్టీసీ బస్సు నడిపి రిటైరయ్యాడు. అందులో పద్దెనిమిదేళ్ళు రాజమండ్రి నుంచి మారేడుమిల్లి కొండల మీదుగా భద్రాచలం వెళ్ళే బస్సే. ఒక్క ప్రమాదం లేదు. ఆ సంగతి ఆయన షాపులో అడుగుపెట్టిన అయిదు నిమిషాల్లో రెండుసార్లు చెప్పాడు. రిటైరయ్యాక ఒక బడివాళ్ళు అమ్మేసిన పాత వ్యాను కొని, సీట్లు పీకించి, మంచం, గ్యాసు పొయ్యి, నీళ్ళ డ్రమ్ము, రెండు బ్యాటరీలు, ఫ్యాను పెట్టించి దాన్నొక ఇల్లుగా చేశాడు. దాని పాత టైర్లు పగుళ్ళు పట్టాయి. కొత్తవి నాలుగు కావాలి.

ఆయన వెనకే భార్య మంగతాయారు వచ్చింది. ఆ బండి నిజానికి ఆవిడ కోసమే. ముప్పై ఒక్క ఏళ్ళూ ఆయన రోడ్ల మీదే బతికాడు. ఆవిడ క్యారేజీ కట్టిచ్చి, ఆయన వచ్చాక ఆ కొండల గురించి, ఆ మలుపుల గురించి వింటూ ఇంట్లోనే ఉండిపోయింది. ఒక్కసారి కూడా ఆ దారి చూడలేదు. వాహనమంటే భయం, బస్సెక్కితే కళ్ళు మూసుకుంటుంది. ఎంతో బతిమాలితే ఒక షరతు మీద ఒప్పుకుంది. ఈ ఒక్కసారికి వస్తాను, దారిలో నాకు భయమేస్తే మాత్రం మళ్ళీ ఎక్కను, బండి అమ్మేయాలి అని. ఆయన సరేనన్నాడు. ఆయనకి రోడ్డు కావాలి, ఆ రోడ్డు మీద పక్కన ఆవిడా కావాలి. ఆ రెండూ ఆ ఒక్క ప్రయాణం మీదే ఆధారపడ్డాయి. ఆ ప్రయాణం మా నాలుగు టైర్ల మీద ఆధారపడింది.

మంగతాయారు తండ్రి రైసు మిల్లులో కాటా గుమాస్తా. తూచనిదాని బరువు ఎవరు చెప్పినా నమ్మొద్దని ఆయన పిల్లలకి నేర్పాడట. ముందు బండిని సామానుతో సహా కాటా వేయించి, ఆ బరువుని బట్టి టైర్లు తీసుకుందామని ఆవిడ ఇంటి దగ్గరా అడిగింది, షాపు గుమ్మంలోనూ అడిగింది. ముత్యాలరావు నవ్వేశాడు.

"యాభై మందిని ఎక్కించుకుని ఘాటు రోడ్డు దించినోణ్ణే. స్టీరింగు పట్టుకుంటే తెలిసిపోద్ది నాకు, కాటా ఎందుకు?"

తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళన్నాక ఇంక మాట్లాడేదేముంది, ఆవిడ ఊరుకుంది.

షాపులో ఆ రోజు వ్యాన్లకి సరిపడే మందపాటి టైర్లు రెండే ఉన్నాయి. వాటి అంకె నూట పది, అంటే ఒక్కోటీ వెయ్యి అరవై కిలోలు మోస్తుంది. చూడటానికి మాత్రం సాదాగా, గాట్లు తక్కువగా ఉంటాయి. మిగతా రెండు రావడానికి నాలుగు రోజులు పడుతుందని యజమాని చెప్పాడు. ముత్యాలరావుకి నాలుగు రోజులు ఆగే ఓపిక లేదు. అటూ ఇటూ చూసి నా దగ్గర ఆగాడు. బొటనవేలితో నా గాట్లు నొక్కాడు, అరచేత్తో చరిచాడు, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. ఇది సరిపోతుందా అని అడిగితే యజమాని చక్రం సైజు అదేనన్నాడు. అబద్ధం కాదు. అడిగినదానికి సమాధానం చెప్పాడు, అడగనిదాని జోలికి పోలేదు. నేను మాత్రం లోలోపల ఒకటే కోరుకున్నాను, ఈయన వంగి చదవకూడదని. ఆయన వంగలేదు. నన్నూ, నా జత టైరునూ పక్కకి తీయించాడు.

ఇక ఏది ముందుకి, ఏది వెనక్కి అన్నది మిగిలింది. బస్సు డిపోల్లో ఒక పద్ధతుంది. కొత్త టైరు ఎప్పుడూ ముందు చక్రానికే వేస్తారు, రబ్బరు అతికించి బాగుచేసినవి వెనక్కి వేస్తారు. బస్సుకి అది సరైన పద్ధతే. వెనక అటు రెండు, ఇటు రెండు జంట చక్రాలుంటాయి, ఒకటి పోయినా ఇంకోటి మోస్తుంది. ముప్పై ఒక్క ఏళ్ళు ఆ పద్ధతిలో బతికిన మనిషి కాబట్టి, నాలుగింట్లో గట్టివైన ఆ రెండింటినీ ముందుకి వేయించాడు. మమ్మల్ని వెనక్కి వేయించాడు. ఈ వ్యానుకి వెనక జంట చక్రాలు లేవని ఆయనకి తెలియక కాదు, ఆ సంగతి ఆలోచించలేదు. పైగా బండిలో బరువైన సామానంతా వెనకే ఉంది. నేను వెనక ఎడమ చక్రానికి వచ్చాను. సరిగ్గా నా మీదే నీళ్ళ డ్రమ్ము.

నన్ను చక్రానికి ఎక్కిస్తుండగా మంగతాయారు బిల్లు రాసే బల్ల దగ్గర కూర్చుంది. అక్కడ దేవమణి అని ఒకామె పనిచేసేది. పదేళ్ళుగా టైర్ల పేర్లు రాసి రాసి ఆమెకి యజమాని కంటే ఎక్కువ తెలుసు. ఆమె చుట్టూ చూసి, గొంతు తగ్గించి, "అక్కా, వెనక్కి ఏసేవి జీపు టైర్లండి. మీ బండి బరువుకి ఆగవు. నాలుగు రోజులు ఆగమనండి అన్నయ్యగార్ని" అంది.

మంగతాయారు ముఖం మారిపోయింది. మొగుడి వైపు చూసింది. ఆయన యజమానికీ, అక్కడున్న నలుగురైదుగురికీ తన ఒక్క ప్రమాదం లేని సర్వీసు గురించి చెబుతున్నాడు. ఆవిడ లేచింది. రెండడుగులు వేసి ఆగిపోయింది. మళ్ళీ వచ్చి కూర్చుని దేవమణితో ఒక పాత సంగతి చెప్పింది. పెళ్ళైన కొత్తలో ఒక పెళ్ళికి వెళుతూ ఆయన దారి తప్పితే, బంధువుల ముందు ఆ మాట అన్నదట. తొమ్మిది రోజులు ఆయన ఆవిడతో మాట్లాడలేదట. పెట్టింది తిన్నాడు, కంచం కడిగాడు, మాట మాత్రం లేదు. ఇప్పుడిక్కడ ఇంతమందిలో టైర్ల గురించి ఆయనకి చెప్పడం తనవల్ల కాదంది. దేవమణి తల దించుకుని బిల్లు రాసుకుంది. ఇదంతా నేను విన్నాను. ఆవిడ చెప్పనందుకు ఆ క్షణాన నేను సంతోషించాను. చెప్పుకోవడానికే సిగ్గుతో ఒళ్ళు చచ్చిపోతోంది గానీ, నిజం అదే.

మర్నాడు సామాను ఎక్కించారు. మనుషుల తీరు చూస్తే నవ్వొస్తుంది. ఇల్లు వదిలి నాలుగు రోజులు తిరగాలని సరదా పడతారు, బయల్దేరేటప్పుడు ఇంటిని వెంట తెచ్చుకుంటారు. బియ్యం, పప్పులు, ఊరగాయ జాడీలు, ఇడ్లీ పాత్ర, రుబ్బే మిషను, రెండు పరుపులు, ఒక ఇనప పెట్టె. డ్రమ్ము నిండా రెండు వందల లీటర్ల నీళ్ళు. ఒక్కో వస్తువూ ఎక్కినప్పుడల్లా నా పక్కలు కొంచెం కొంచెంగా ఉబికాయి. ముత్యాలరావు ఇనప రాడ్డుతో నా మీద ఒకటి కొట్టి, చప్పుడు విని, గాలి బాగుందన్నాడు. గాలి బాగానే ఉంది. బాగులేనిది గాలి కాదు.

మొదటిరోజు మైదానంలో బాగానే గడిచింది. మంగతాయారు ముందు సీట్లో కూర్చుంది. రంపచోడవరం దాటేదాకా కళ్ళు మూసుకునే ఉందట, తర్వాత ఒక కన్ను తెరిచిందట. ఆ సాయంత్రం మారేడుమిల్లిలో బండి ఆపాక ఆవిడే ఆయనతో చెప్పి నవ్వింది. రెండో రోజు ఎండ ముదిరాక ఘాటు రోడ్డు మొదలైంది. ఆయన చెప్పిన మలుపులన్నీ ఆవిడ గుర్తుపడుతోంది. ఇదేనా బ్రేకు పట్టని బస్సుని రాయి పెట్టి ఆపింది, ఇక్కడేనా మేఘం రోడ్డు మీదికి వచ్చేది అని అడుగుతోంది. ఆయన గొంతులో అంత ఆనందం నేను అంతకు ముందు వినలేదు. నేను మాత్రం ఉడికిపోతున్నాను. ప్రతి మలుపుకీ నా పక్క ముడతపడి మళ్ళీ సాగుతోంది, లోపలి దారాలు ఒక్కొక్కటే వదులవుతున్నాయి. ఆపండి, నేను జీపు టైరుని, నన్ను తప్పించండి అని అరవాలనిపించింది. షాపులో ఎవరూ చదవకూడదని కోరుకున్న నేనే, ఇప్పుడు ఎవరైనా ఒక్కసారి చదివితే బాగుండునని ఏడ్చాను.

మధ్యాహ్నం తిన్నాక మంగతాయారు నడుం వాలుస్తానని వెనక మంచం మీదికి వెళ్ళింది. ఇక భయం పోయిందని ముత్యాలరావు అనుకున్నాడు. బండి దిగుతోంది. ఒక మలుపు మధ్యలో నా పక్క బెత్తెడు మేర చీలిపోయింది. బండి వెనక భాగం ఒక్కసారి కుంగి ఎడమకి లాగింది. ఎడమవైపు కొండ ఉండబట్టి సరిపోయింది, లోయ ఉంటే ఈ కథ చెప్పాల్సిన అవసరం ఉండేది కాదు. ఆయన బ్రేకు తొక్కలేదు, స్టీరింగు బిగించి పట్టి, బండిని మెల్లగా కొండ పక్క కాలవలోకి ఒరిగించి ఆపాడు. ఆ నేర్పు నిజంగా ముప్పై ఒక్క ఏళ్ళదే. లోపల డ్రమ్ము పక్కకి ఒరిగి, మంచం మీది మనిషి కింద పడింది. ఎడమ ముంజేయి విరిగింది.

దారిన పోయే వాళ్ళు ఆగారు. ఏమైందని అడిగితే ముత్యాలరావు, "రాయి గుచ్చుకుంది" అన్నాడు. వాళ్ళ సాయంతో నన్ను విప్పి, పాత అదనపు చక్రం బిగించి, నన్ను బండిలో పడేశారు. దగ్గరి ఊళ్ళో ఆసుపత్రిలో కట్టు కట్టిన డాక్టరుతోనూ అదే అన్నాడు. నిజానికి విప్పేటప్పుడు ఆయన నా చీలిక చూశాడు. రాయి గుచ్చుకుంటే రోడ్డుకి ఆనే అరికాలులో కంత పడుతుంది, పక్క అలా ఉడికి చీలదు. బస్సులు నడిపినవాడికి ఆ తేడా తెలియదంటే ఎవరూ నమ్మరు.

ఆసుపత్రి ఆవరణలో బండి తలుపు దగ్గర మెట్టు మీద మంగతాయారుని కూర్చోబెట్టాడు. నేను ఆవిడ కాళ్ళ పక్కనే పడి ఉన్నాను. ఆయన మంచినీళ్ళు ఇచ్చి, మూడోసారి రాయి గుచ్చుకుందన్నాడు.  తర్వాత ఆయనే తల వంచుకుని అడిగాడు, భయమేసిందా అని. బండి అమ్మేస్తాలే అన్నాడు. ఆ మాట అనడానికి ఆయన ఎంత కష్టపడ్డాడో గొంతు వింటే తెలిసింది.

మంగతాయారు నా చీలిక వైపు చూస్తూ చెప్పింది. "రాయి కాదండీ. ఇది జీపు టైరని ఆ బిల్లు రాసే పిల్ల షాపులోనే చెప్పింది నాకు."

ఆయన అర్థం కానట్టు చూశాడు. "మరి చెప్పలేదేం?"

"చెప్దారనే లేచాను. మిమ్మల్ని చూసి మళ్ళీ కూర్చున్నాను. బండిలో భయమెయ్యలేదండీ నాకు, పడినప్పుడు కూడా. మీకు చెప్పాలంటే భయమేసింది. చెయ్యి విరిగితే విరిగింది, అది నయం అనిపించింది, మీకు చెప్పేకంటే."

ఆవిడ గట్టిగా అనలేదు, ఏడవలేదు. ముత్యాలరావు నేల మీద కూర్చుండిపోయాడు. ముప్పై ఒక్క ఏళ్ళలో తన వల్ల ఎవరికీ దెబ్బ తగల్లేదని షాపులో చెప్పుకున్న మనిషి. ఆవిడ కొంగు అంచు పట్టుకుని, మొహం తుడుచుకుని, "తప్పయిపోయిందే" అన్నాడు. టైర్ల గురించా, ఆ తొమ్మిది రోజుల గురించా అని ఆవిడ అడగలేదు. ఆయనా చెప్పలేదు.

రెండు రోజులు అక్కడే ఆగి, డ్రమ్ములో నీళ్ళు పారబోసి, ఆ బరువు సామానులో సగం ఆసుపత్రి ఎదురు కాకా హోటల్లో పెట్టి, నత్తనడకన భద్రాచలం చేరారు. ముత్యాలరావు నేరుగా టైర్ల కొట్టుకే వెళదామంటే మంగతాయారు ముందు కాటాకి అంది. ఈసారి ఆయన నోరెత్తలేదు. ఎత్తకపోగా, దింపిన సామాను ఒక ఆటోలో తెప్పించి, డ్రమ్ము నింపి, అన్నీ యథాస్థానంలో పెట్టాక, వెనక చక్రాలు రెండే కాటా మీద ఉండేలా బండి నిలిపాడు. చీటీ వచ్చింది. వెనక రెండింటి మీదా కలిపి పందొమ్మిది వందల నలభై కిలోలు. అంటే నా మీద తొమ్మిది వందల డెబ్బై. ఆయన ఆ చీటీని రెండుసార్లు చదివాడు. నాకైతే ఆ అంకె విని ఊరటే కలిగింది, నేను చేతకానిదాన్ని కాదని. వెంటనే ఆ ఊరటకి కూడా సిగ్గేసింది. విరిగిన చెయ్యి కట్టుతో పక్కనే ఉంది.

కొట్టులో ఈసారి అడిగింది మంగతాయారు. కట్టు కట్టిన చెయ్యి మెడకి వేలాడుతుండగా, రెండో చేత్తో చీటీ బల్ల మీద పెట్టి, దీనికి మించి మోసేవి కావాలి, అంకె చూపించండి, పుట్టిన వారం చూపించండి అంది. కొట్టతను ముత్యాలరావు వైపు తిరిగి మాట్లాడబోతే, ఆయన రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, ఆవిణ్ణే అడగమన్నాడు. రెండు నూట పది టైర్లు తీశారు. బిగించబోతుంటే పాత అలవాటు ఊరుకోదు కదా, కొత్తవి ముందుకి అనబోయి, సగంలో ఆగి, ఆవిడ వైపు చూశాడు. ఇప్పుడు నాలుగూ ఒకటే కదండీ, కొత్తవి వెనక్కే ఏయించండి అని ఆవిడ నెమ్మదిగా చెప్పింది. తలూపాడు. ఇద్దరికీ నవ్వొచ్చింది, ఇద్దరూ ఆపుకున్నారు.

బండి అమ్మే మాట మళ్ళీ రాలేదు. ఆవిడ ముందు సీటెక్కి కూర్చుంది. ఆయన తలుపు వేసి, ఎక్కబోయి, ఏదో మర్చిపోయినట్టు కొట్టు వెనక్కి వచ్చాడు. నన్ను అప్పటికే ఈ కుప్పలో పడేశారు. ఆయన నా ముందు గొంతుక్కూర్చుని, జేబులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకున్నాడు. బొటనవేలితో మట్టి తుడిచాడు. నా పక్క మీది అక్షరాలన్నీ ఒక చివరి నుంచి, చదువు నేర్చుకునేవాడిలా చదువుకుంటూ వచ్చి, తొంభై ఎనిమిది దగ్గర వేలు ఆపాడు.

"నీ మీద రాసే ఉంది కదే" అన్నాడు. "చదవనిది నేను. నీ తప్పేం లేదు."

అరచేత్తో ఒకసారి తట్టి లేచి, కళ్ళజోడు తుడుచుకుంటూ వెళ్ళిపోయాడు. నా తప్పు లేదనడం నిజం కాదు. ఆయన వేళ్ళు మొదటిసారి నన్ను నొక్కినప్పుడు, ఈయన వంగి చదవకపోతే బాగుండునని కోరుకున్నది నేనే. దేవమణి నోరు విప్పినప్పుడు, మంగతాయారు చెప్పకుండా కూర్చుంటే చాలనుకున్నదీ నేనే. ఆవిడ తన మాట చెప్పుకుంది, ఆయన తన తప్పు ఒప్పుకున్నాడు. నా సంగతి మాత్రం ఆయనకి తెలియదు, తెలియకుండానే నన్ను క్షమించి వెళ్ళాడు.